అమ్మ నవ్వుతున్న వీడియో

"పెదాల మీద చీమలు పాకుతున్నట్టుంది, అంతే కదా! దానికే అందరూ నన్ను శవాన్ని చూసినట్టు చూస్తారేంటి?" అన్నాడు కుస్తోదియో, కట్టెల పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని.

ఎవరూ నవ్వలేదు. ఆయన నోరు విప్పాడంటే ఆ వంటింట్లో ఎవరో ఒకరు నవ్వి తీరాలి. అరవై దాటినా పెళ్ళి చేసుకోకుండా అక్క ఇంట్లో పడి తింటున్న మనిషి, నవ్వించడమే తన వంతు పని అనుకునే మనిషి.

"ఎప్పట్నించిరా?" అడిగింది ఎదువీనా. తమ్ముడికి అందించబోయిన మతే ఆకుల కషాయం గిన్నె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఇందాకట్నించే. నీ మతే తాగుతుంటే పీల్చే గొట్టం పెదాలకి తగిలినట్టే అనిపించలేదు. పొయ్యి సెగేమో అనుకున్నా."

"పొయ్యి సెగకి వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతాయా?"

కుస్తోదియో అప్పుడు చూసుకున్నాడు. తనకి తెలియకుండానే ఇందాకట్నించీ వేళ్ళ కొసలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. చేతులు రెండూ తీసి చంకల్లో దాచుకున్నాడు.

"పొద్దున్న ఏం తిన్నావు?"

ఆయన గుమ్మం దగ్గరున్న బకెట్టు కేసి చూశాడు. చూపులు తిప్పుకోవాలనుకున్నాడు గానీ అప్పటికే అందరూ అటే చూశారు.

బకెట్టు నిండా ఆల్చిప్పలు. తెల్లవారుజామున ఎదువీనా కొడుకు దెల్ఫీన్ పడవలో బస్తాలు ఎత్తుకుంటూ, ఇంటికోసమని అందులో వదిలి వెళ్ళాడు. పైన ఖాళీ చిప్పలు, పిండేసిన నిమ్మచెక్కలు ఉన్నాయి.

"పచ్చివి తిన్నావా?"

"నిమ్మకాయ పిండుకునే తిన్నానక్కా! నిమ్మకాయ పడ్డాక ఎర్రపోటుకి ఇంకేం బలం ఉంటుంది?"

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చింది. అప్పటిదాకా ఆ వంటింట్లో అందరి మనసులోనూ ఉండి, ఎవరూ పైకి అనని మాట.

ఎర్రపోటు అని పేరేగానీ నీళ్ళు ఎర్రబడవు. సముద్రం ఎప్పటిలాగే ఉంటుంది, గుల్ల తెరిస్తే ఎప్పటిలాగే కమ్మటి వాసన వస్తుంది. లోపల విషం ఉంటుంది. ఉడకబెట్టినా పోదు, నిమ్మరసానికీ పోదు. కానీ మా దీవుల్లో నిమ్మకాయ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. తాతలు పిండుకున్నారు, మేమూ పిండుకుంటున్నాం. విషం లేని రోజు తిని బతికిన ప్రతివాడూ నిమ్మకాయే కాపాడిందనుకున్నాడు.

"ఇవోన్!" అని అరిచింది ఎదువీనా, పై గదికేసి. "నీ కంప్యూటరు పట్టుకుని రా!"

ఇవోన్ అప్పటికే మెట్లమీద ఉంది. పట్నంలో మున్సిపాలిటీ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలకి ఇంటికి వచ్చే కూతురు. మామయ్య మాటలు వింటూనే కంప్యూటర్ తెరిచి, నిలబడే చూస్తోంది. వెలుగు మొహం మీద పడి ఆ పిల్ల మరీ పాలిపోయినట్టు కనిపిస్తోంది.

"చేవ్కో..." అంది.

"చేవ్కో ఏమైంది? సరిగ్గా చెప్పు!" గొంతు పెంచింది నెరీనా. దెల్ఫీన్ పెళ్ళాం. నిన్న చేవ్కో ఒడ్డున మొగుడితో పాటు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ బస్తాలన్నీ నింపింది తనే.

"చేవ్కో ఒడ్డు మూసేశారు వదినా. ఎర్రపోటని. ఆరోగ్యశాఖ వాళ్ళ ఉత్తరువు ఉంది ఇక్కడ."

"ఎప్పుడు మూశారు?"

ఇవోన్ తెర మీద తేదీ మళ్ళీ చూసింది.

"ఎప్పుడు మూశారే?"

"బుధవారం."

ఆ రోజు శనివారం. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. కుస్తోదియో నవ్వబోయి, నోరు సరిగ్గా కదలక, ఆగిపోయాడు.

*

నెరీనాకి ముందు కుస్తోదియో మీద ధ్యాస లేదు. ఆమె చూపు కిటికీలోంచి నీళ్ళమీదికి పోయింది. అవతల నల్లగా పిల్దో దీవి కనిపిస్తోంది.

పిల్దోలో ఇవాళ ఇల్లు లాగుడు. చెక్క ఇంటిని పునాది మీంచి లేపి, దుంగల మీదికెక్కించి, ఎడ్లు కట్టి, ఊరంతా తాళ్ళు పట్టి కొత్త చోటికి లాగుతారు. లాగినవాళ్ళకి కూలి ఇవ్వరు, కడుపునిండా పెడతారు. గోతిలో రాళ్ళు ఎర్రగా కాల్చి, వాటి మీద గుల్లలు, మాంసం, బంగాళాదుంపలు పేర్చి, పెద్ద పెద్ద ఆకులు కప్పి, పైన గడ్డి పెళ్ళలు వేసి ఉడకనిస్తారు. దాన్నే కురాంతో అంటాం. ఆ గోతికి గుల్లలు తెస్తానని మాటిచ్చినవాడు దెల్ఫీన్. బస్తాలతో పాటు ఆరేళ్ళ కూతురు ఆంబర్‌ని కూడా పడవెక్కించుకుని వెళ్ళాడు. ఎడ్లని చూస్తానని ఆ పిల్ల రాత్రంతా నిద్రపోలేదు.

"గొయ్యి ఎన్నింటికి తెరుస్తారు?" నెరీనా అడిగింది.

"ఇల్లు కొత్త చోట దిగగానే," అంది ఎదువీనా. "మధ్యాహ్నం అవుతుంది."

గోడ గడియారం కేసి ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం కావస్తోందని చూడకుండానే అందరికీ తెలుసు.

నెరీనా ఫోను తీసింది. దెల్ఫీన్‌కి చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. పిల్దోలో ఒడ్డు దగ్గర సిగ్నల్ ఉండదు. శ్మశానం గుట్ట ఎక్కితేనే ఫోను పలుకుతుంది. ఇల్లు లాగుతున్న మనిషి గుట్టెందుకు ఎక్కుతాడు?

"నేను చూశాను," అంది నెరీనా ఉన్నట్టుండి. ఎవరూ ఏమీ అడగకుండానే. "నిన్న ఒడ్డు మీద నిలబడి చూశాను. అత్తయ్యా, మీ మీద ఒట్టు. నీళ్ళలోకి దిగేముందు మున్సిపాలిటీ సైట్ నొక్కాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. వెనకాల అక్షరమ్ముక్క లేదు. పోటు మళ్ళేస్తోంది, ఏముందే, ఏముందే అని మీ అబ్బాయి ఒకటే కేకలు. ఏమీ లేదు, దిగు అన్నాను."

"సైట్ తెరుచుకోకపోతే ఏమీ లేదని ఎలా చెప్తావు వదినా?" అంది ఇవోన్. అనగానే అనకుండా ఉండాల్సిందనిపించింది. కానీ భయపడినప్పుడు మనిషికి ముందు దొరికేది పక్కవాళ్ళ తప్పే.

"ఏమన్నావ్?"

"అంటే... ఎవరికైనా ఫోన్ చేసి అడగొచ్చు కదా."

"ఎవరికి చెయ్యను? నీకా? నువ్వెత్తుతావా? నెలల తరబడి నీకు ఆ కొత్త సైట్, అందులో నీ వీడియో తప్ప ఇంకేమైనా పట్టిందా? పాత సైట్లో ఏముండేది? ఒక్క పేజీ. ఒడ్ల పేర్లు. మూసినవి ఎర్ర అక్షరాలు, తెరిచినవి పచ్చ అక్షరాలు. ఒక్క గీత సిగ్నల్ ఉన్నా టక్కున వచ్చేది. చదువురాని మా అమ్మ కూడా రంగు చూసి బుట్ట ఎత్తుకునేది!"

"అందులో ఇంకేమీ ఉండేది కాదు వదినా. బయటివాళ్ళు చూస్తే..."

"బయటివాళ్ళెవరే? ఇక్కడ తినేది మేం!"

పాత పేజీని తెర మీద చూపించి, 'ఇది మున్సిపాలిటీయా, కిరాణా చీటీయా' అని మేయరు గారి ముందు అందర్నీ నవ్వించింది ఇవోనే. ఆ నవ్వు ఆ పిల్లకి ఇప్పుడు చెవుల్లో మోగుతోంది.

కొత్త సైట్ తెరిస్తే ముందు సముద్రపు కాకి అరుస్తుంది. తర్వాత అకార్డియన్ వాయిద్యం. ఆకాశంలోంచి తీసిన దీవులు, గోతిలోంచి లేచే ఆవిరి, ఎడ్ల మెడల్లో గంటలు. చివర్న చేవ్కో ఒడ్డు మీద ఎదువీనా, ఎర్ర శాలువా కప్పుకుని, కత్తితో గుల్ల తెరిచి నోట్లో వేసుకుని పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు మీద అక్షరాలు తేలుతూ వస్తాయి: 'రండి, సముద్రం విందు పెట్టింది.' వీడియో అంతా అయితేగానీ ఇంకేదీ నొక్కడానికి కనిపించదు. ఆరోగ్యశాఖ ఉత్తరువు ఆ వెనకెక్కడో, పత్రాలు అనే మాట కింద ఇంకో మాట, దాని కింద ఇంకో మాట నొక్కితే వస్తుంది. ఆఫీసు గుమాస్తా బుధవారమే తెచ్చి అక్కడ పడేశాడు. అలాంటివన్నీ ఎక్కడ పడెయ్యాలో చెప్పింది ఇవోనే.

"రేడియోలో చెప్పలేదేం?" ఎదువీనా అడిగింది. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "రోజూ పొద్దున్నే రేడియో అతను ఒడ్ల పేర్లు చదివేవాడు కదా. ఈ మధ్య వినపడట్లేదు. అన్నీ బాగున్నాయి కాబోలు, చదవట్లేదు అనుకున్నాను."

"అతను కూడా పాత పేజీ చూసే చదివేవాడమ్మా."

ఎదువీనా తల ఊపింది. అంతే. కూతుర్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఇవోన్‌కి అనిపించింది.

"మీ ఇద్దరూ కొట్టుకోవడం తర్వాత," అంది ఎదువీనా, శాలువా భుజం మీదికి లాక్కుంటూ. "అక్కడ పసిపిల్ల ఉంది. ఇక్కడ వీడున్నాడు. ఉన్న ఒక్క పడవా అక్కడుంది. ఏం చేద్దామో చెప్పండి."

*

కినావే ఊళ్ళో ఆసుపత్రి లేదు, ఒక గది ఉంది. ఆ గదిని చూసుకునే నర్సు ఫ్లోర్ పరుగెత్తుకుంటూ వచ్చింది. కుస్తోదియో కళ్ళలోకి చూసింది, చేతులు పట్టుకుని గట్టిగా నొక్కమంది. ఆయన నొక్కాననే అనుకున్నాడు.

"నొక్కండి మరి," అంది ఫ్లోర్.

"నొక్కాను కదమ్మా!"

ఫ్లోర్ చేతులు వదిలేసి ఎదువీనాని పక్కకి పిలిచింది.

"దీనికి విరుగుడు లేదండీ. ఊపిరి ఆగకుండా చూసుకోవాలి, అంతే. ఆగితే నేను ఈ గాలి సంచీ నొక్కి ఊపిరి కొడుతూ ఉంటాను. పెద్దాసుపత్రిలో ఊపిరి పోసే మిషనుంది, అక్కడికి చేరితే బతుకుతారు. గస్తీ పడవ పంపమని చెప్పాను. బయల్దేరారట."

"ఆ పడవని ముందు పిల్దోకి వెళ్ళమనకూడదూ?" అంది నెరీనా వెనకనుంచి.

అటు కుస్తోదియో వింటూనే ఉన్నాడు.

"వెళ్ళమనండి," అన్నాడాయన బల్ల మీంచి. మాట ముద్దగా వచ్చింది. "నాకేం తొందర లేదు. నేనిక్కడ బ్రహ్మాండంగా తేలుతున్నాను. మంచం లేకుండానే పడుకున్నట్టుంది. అక్కా, నిజంగానే తేలుతున్నానే."

"నోర్ముయ్‌రా," అంది ఎదువీనా. అని ఆయన తలని తన కడుపుకి అదుముకుంది.

ఇవోన్ రేడియోకి ఫోన్ చేసింది. మా దీవుల్లో పెళ్ళైనా, చావైనా, ఆవు తప్పిపోయినా రేడియోలోనే చెప్పించుకుంటాం. ఫలానా వాళ్ళకి ఫలానా వాళ్ళు చెప్పేదేమిటంటే, అని అతను చదువుతాడు, ఊళ్ళన్నీ వింటాయి. ఇవోన్ చెప్పింది, అతను రాసుకున్నాడు. కొద్దిసేపట్లోనే వంటింటి రేడియోలో అతని గొంతు పలికింది.

"పిల్దో దీవిలో ఇల్లు లాగుతున్న దెల్ఫీన్‌కి, అక్కడున్న అందరికీ కినావే నుంచి చెల్లెలు ఇవోన్ చెప్పేదేమిటంటే, చేవ్కో గుల్లల్లో ఎర్రపోటు విషం ఉంది. గొయ్యి తెరవొద్దు. ఒక్కటి కూడా తినొద్దు. విన్నవాళ్ళు దయచేసి పరుగెత్తి వెళ్ళి చెప్పండి."

అతను రెండోసారి చదివాడు. అడక్కుండానే మూడోసారి కూడా చదివాడు.

"వింటారంటావా?" అడిగింది నెరీనా.

"ఎవరో ఒకరు వింటారు వదినా."

"ఇల్లు లాగుడులో రేడియో పెడతారుటే? అకార్డియన్ పెడతారు గానీ." నెరీనా నేలమీద చతికిలబడి, ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. "అంతమందీ పని మానుకుని అక్కడే ఉంటారు. ఇళ్ళలో ఎవరుంటారు వినడానికి?"

ఇవోన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు ఆడటం లేదు. తనకి కూడా విషం ఎక్కిందేమోనని ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. ఒక్క గుల్లైనా తినలేదని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

ముందు కాకి అరుపు తీసేసింది. తర్వాత వాయిద్యం. తర్వాత దీవులు, ఆవిరి, ఎడ్లు. అమ్మ నవ్వు దగ్గర ఒక్క నిమిషం చెయ్యి ఆగింది. నెలలపాటు తీసిన వీడియో, జీవితంలో మొదటిసారి నలుగురూ మెచ్చుకున్న పని. అదీ పోయింది. తెల్లటి పేజీ మిగిలింది. దాని మీద ఎర్రగా, పెద్దగా రాసింది: 'చేవ్కో ఒడ్డు గుల్లలు తినొద్దు. విషం ఉంది. పెదాలు తిమ్మిరెక్కితే వెంటనే నర్సుని పిలవండి.' దాని కింద ఒడ్ల పేర్లు, ఎరుపులో, పచ్చలో. ఇంకేమీ లేదు.

ఇవోన్ వదిన చేతిలోంచి ఫోను తీసుకుని నొక్కి చూసింది. పేజీ వెంటనే వచ్చింది. నెరీనా దాన్ని చూసింది, ఇవోన్‌ని చూసింది, ఫోను వెనక్కి లాక్కుంది.

*

మేయరు గారి ఫోను రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇవోన్, ఏంటమ్మా ఇది? సైట్ ఎవడో పాడుచేశాడు! తెరిస్తే తెల్ల కాగితం, రక్తం రంగులో అక్షరాలూను!"

"ఎవరూ పాడుచెయ్యలేదు సార్. నేనే మార్చాను."

అటు వెనకాల గ్లాసుల చప్పుడు వినిపించింది. ఆయన ఎక్కడో భోజనాల దగ్గర ఉన్నాడు.

"నువ్వా? రాజధాని నుంచి వచ్చినవాళ్ళు నా పక్కనే కూర్చున్నారమ్మా. పర్యాటకం వాళ్ళు. మీ అమ్మగారి నవ్వు చూపిద్దామని ఇప్పుడే తెరిచాను. నా పరువేం కావాలి?"

"మా మామయ్య తిన్నాడు సార్. చెయ్యి బిగించలేకపోతున్నాడు. పిల్దోలో ఊరంతా తినబోతోంది."

"అయ్యయ్యో. దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు మేయరు. నిజంగానే అన్నాడు, ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. "చూడమ్మా, చెప్పొద్దని నేననట్లేదు. అడుగున చిన్నగా రాయి. జాగ్రత్త వహించగలరు అని. పైన వీడియో ఉంచు. విషం అనే మాట ఒక్కసారి బయటికెళ్తే తెరిచిన ఒడ్ల గుల్లలు కూడా ఎవరూ ముట్టుకోరు. జాలర్ల నోట్లో మట్టి కొడతావా? నీ అన్న కూడా జాలరే కదా!"

ఇవోన్ తల తిప్పి చూసింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. నిన్నటిదాకా తనూ అలాగే అనుకునేది. బల్ల మీద మామయ్య నోటి చివర్నుంచి చొంగ కారుతోంది. ఆయనకి తెలియడం లేదు. అమ్మ శాలువా అంచుతో తుడుస్తోంది. అద్దాలు లేకపోతే చిన్న అక్షరాలు చదవలేని అమ్మ.

"చిన్నగా రాస్తే ఎవరికీ కనపడదు సార్."

"నేను చెప్తున్నాను, వీడియో పెట్టు."

"పెట్టను సార్."

"ఏంటీ?"

"పెట్టను. ఎవరో ఒకరు గుట్ట ఎక్కుతారేమో. అదే తెరుస్తారేమో. అప్పుడు వాళ్ళకి మా అమ్మ నవ్వు కనపడకూడదు."

సోమవారం మాట్లాడదాం అన్నాడు మేయరు. ఆ సోమవారం అనే మాట ఎలా అన్నాడంటే, ఇక ఉద్యోగం గురించి అడగక్కర్లేదు. ఇవోన్‌కి ఏడుపు రాలేదు. భయం నిండిన మనసులో ఇంకోదానికి చోటు లేదు.

గస్తీ పడవ కూత వినిపించింది. ఫ్లోర్ బయటికి పరుగెత్తి చేతులూపింది. ఇద్దరు మనుషులు చెక్క పలక మీద కుస్తోదియోని ఎత్తారు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, అన్నీ చూస్తున్నాయి, రెప్పలు మాత్రం బరువుగా వాలిపోతున్నాయి. మేనకోడలి దగ్గరికి వచ్చేసరికి ఏదో అనాలని చూశాడు. ఇవోన్ చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"వీడియోలో... మన ఒడ్డే కదే," అన్నాడు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "మీ అమ్మ తింటోంది కదా... అందుకే..."

ఇవోన్ అక్కడే నిలబడిపోయింది. చక్రం తిరిగి తిరిగి ఏమీ చెప్పకపోవడమే తన తప్పనుకుంటోంది ఇందాకట్నుంచీ. సైట్ తెరుచుకున్నచోట అది ఏం చెప్పిందో ఇప్పుడు తెలిసింది.

"పిల్దోకి కూడా వెళ్ళాలి బాబూ," ఎదువీనా పడవ మనుషుల్ని బతిమాలుతోంది. "నా మనవరాలుంది అక్కడ. ముందు అటు తిప్పండి, మీకు పుణ్యముంటుంది."

"ఇంకో పడవ వస్తుందమ్మా, చెప్పాం. ఈయన్ని ఆపితే దక్కరు."

ఫ్లోర్ వెనకే ఎదువీనా తమ్ముడితో పడవెక్కింది. ఎక్కి, ఒడ్డున నిలబడ్డ కోడలి కేసి చూసింది, అవతలి దీవి కేసి చూసింది. పడవ మలుపు తిరిగేదాకా ఆ ఎర్ర శాలువా కనిపిస్తూనే ఉంది.

*

ఇంట్లో ఇద్దరే మిగిలారు. పొయ్యి ఆరిపోతోంది, కట్టె వెయ్యాలని ఎవరికీ తోచలేదు. గుమ్మం దగ్గర బకెట్టు అలాగే ఉంది.

"వదినా..."

"మాట్లాడకు," అంది నెరీనా. కాసేపటికి తనే అంది, "దానికి గుల్లలంటే ప్రాణం. మాంసం ముట్టుకోదు. ముందు గుల్లలే ఏరుకుంటుంది."

మరో మాట అనేలోపు నెరీనా చేతిలో ఫోను మోగింది.

దెల్ఫీన్.

నెరీనా నొక్కబోతే వేళ్ళు జారాయి. ఇవోన్ లాక్కుని ఎత్తింది. "అన్నయ్యా! అన్నయ్యా, విను..."

"చెల్లాయ్! నువ్వా!" దెల్ఫీన్ గొంతు సంతోషంతో పొంగిపోతోంది. గాలి హోరు మధ్య సగం మాటలే వినిపిస్తున్నాయి. "ఏంటే అన్ని ఫోన్లు? ఇప్పుడే మళ్ళీ గుట్ట ఎక్కాం, చూస్తే అన్నీ మీవే. ముందు నా మాట విను. ఇన్నాళ్ళూ నీ పని గురించి వెక్కిరించాను, తప్పు నాదే. ఇల్లు అనుకున్నదానికంటే చాలా ముందే దిగింది. ఇందాక గొయ్యి తెరిచేముందు ఓ ముసలావిడ ఎర్రపోటంటున్నారని పేచీ పెట్టింది. నేనూ తటపటాయించాను. గుట్టెక్కి నీ సైట్ తెరిచాను. ఇక్కడ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందే! మొత్తం వచ్చింది. అమ్మ మన చేవ్కో మీద నిలబడి తింటా నవ్వుతోంది! మున్సిపాలిటీ వాళ్ళే చూపిస్తుంటే ఇంకేం భయం అన్నాను. ఫోను పట్టుకుని అందరికీ..."

"గొయ్యి తెరిచారా?"

"ఎప్పుడో! అందరూ తిన్నారు. ఆంబర్ అయితే నానమ్మని మళ్ళీ చూస్తానని ఒకటే గోల. అందుకే దాన్ని ఎత్తుకుని మళ్ళీ పైకొచ్చాను. కానీ ఇదేంటే, ఇప్పుడు నొక్కితే వీడియో రావట్లేదు. తెల్లగా ఉంది. ఏవో ఎర్ర అక్షరాలు..."

అన్న ఆ అక్షరాలు చదువుకోవడం ఇవోన్‌కి వినిపించింది. ఒక్కో మాటా మెల్లగా, పెదాలు కదిలే చప్పుడుతో సహా. చేవ్కో ఒడ్డు. గుల్లలు. తినొద్దు.

తర్వాత గాలి ఒక్కటే వినిపించింది.

"అన్నయ్యా," అంది ఇవోన్. "ఆంబర్‌కి ఫోనివ్వు."

అటు ఫోను చేతులు మారింది. చిన్న ఊపిరి తగిలింది. వెంటనే కిలకిలమని నవ్వు, అచ్చం నానమ్మ నవ్వు.

"అత్తా! నా పెదాల మీద చీమలు పాకుతున్నాయి!"